చంపిందెవరో చెప్పకుండా గంటసేపు

(హైదరాబాద్‌లో మిస్టరీ, థ్రిల్లర్ రచయితలతో వేదిక మీద సంభాషణ నడపబోయేవారి కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. ప్రశ్నలుంటే చీటీల మీద రాసి పెట్టుకోండి, ఆఖర్లో తీసుకుంటాను. చీటీలే ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

మన ఊళ్ళో కొత్త పుస్తకం వస్తే ఆవిష్కరణ సభ పెడతారు. వేదిక మీద ఆరుగురు, ఆరు శాలువాలు, ఒక జ్ఞాపిక. పుస్తక పరిచయం చేసే పెద్దాయన లేచి కథ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వరసపెట్టి చెప్పేస్తారు. కవితా సంపుటికి దానివల్ల వచ్చే నష్టం లేదు. కుటుంబ నవల కూడా ఎలాగో తట్టుకుంటుంది. డిటెక్టివ్ నవలకి మాత్రం ఆవిష్కరణా, కర్మకాండా ఒకే సభలో అయిపోతాయి. బయట బల్ల మీద పేర్చిన కాపీలు మళ్ళీ అట్టపెట్టెల్లో సర్దుకోవాల్సిందే.

ఇది తెలిసినవాళ్ళు రెండో తప్పు చేస్తారు. కథ బయటపడుతుందన్న భయంతో పుస్తకాన్నే ముట్టుకోరు. మీకు స్ఫూర్తి ఎవరు, రోజుకి ఎన్ని గంటలు రాస్తారు, సినిమా ఆఫర్లు వచ్చాయా. ఈ ప్రశ్నలు ఏ రచయితనైనా, ఏ పుస్తకం గురించైనా అడగొచ్చు. అంటే ఈ పుస్తకం గురించి ఏమీ అడగనట్టే.

మిస్టరీ రచయితని అడగాల్సింది ఎవరు చంపారని కాదు, ఆ సంగతి ఎలా దాచారని. దాచిన వస్తువు చూపించకుండానే దాచిన పనితనం గురించి గంటసేపు మాట్లాడుకోవచ్చు. లండన్‌లో 'ది మౌస్‌ట్రాప్' అనే నాటకం 1952లో మొదలైంది. హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకులని అడగటం అక్కడ ఆనవాయితీ. ఫోన్‌లో వెతికితే ఆ రహస్యం నిమిషంలో దొరుకుతుంది, అయినా జనం టికెట్ కొని లోపలికి వెళ్తూనే ఉన్నారు. వాళ్ళు పేరు తెలుసుకోవడానికే వెళ్ళేవాళ్ళయితే ఆ నాటకం ఎప్పుడో ఆగిపోయేది.

సరే, పనిలోకి వద్దాం. పుస్తకం రెండుసార్లు చదవాలి. మొదటిసారి మామూలు పాఠకుల్లా, పెన్సిల్ పట్టుకోకుండా. ఒక్కటి మాత్రం చెయ్యండి. ఎవరి మీదైనా అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆ పేజీ దగ్గర ఒక చీటీ పెట్టి పేరు రాయండి. చదవడం అయ్యాక ఆ చీటీలు వరసగా చూస్తే రచయిత మిమ్మల్ని ఏ సందులోంచి ఏ సందులోకి తిప్పారో మ్యాప్ గీసినట్టు కనిపిస్తుంది. రెండోసారి చదివినప్పుడు ఈ అనుమానాలు రావు. అందుకే ఆ చీటీలు పారెయ్యకండి.

రెండోసారి నోట్‌బుక్కులో నాలుగు గళ్ళు గీయండి. పేజీ నంబరు, అక్కడ ఏం చూపించారు, పాఠకుడు ఏమనుకుంటాడు, అసలు సంగతి ఏంటి. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఉన్న ఎడమే రచయిత పనితనం.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జి. 12వ పేజీలో ఒకాయన గది తీసుకుంటాడు. కౌంటర్ దగ్గర చాయ్ తెప్పించుకుని మూడు చెంచాల పంచదార వేసుకుంటాడు. కౌంటర్‌లో కుర్రాడు "సార్, ఇది చాయా, షర్బత్తా?" అంటాడు. మనం నవ్వి ముందుకెళ్తాం. 40వ పేజీలో గదిలో శవం. ఎస్‌ఐ బల్ల మీద వస్తువులు చూస్తాడు. కళ్ళజోడు, సగం తాగిన నీళ్ళ సీసా, షుగర్ మాత్రల స్ట్రిప్, దువ్వెన, బస్సు టికెట్, చిరిగిన ఫోటో. వెంటనే ఫోన్ మోగుతుంది, మనం ఆ ఫోన్ వెంట పడిపోతాం. 190వ పేజీలో తెలిసేదేంటంటే, గది తీసుకున్న మనిషీ చచ్చిపోయిన మనిషీ ఒకరు కాదు.

ఇక్కడ మూడు పనులు జరిగాయి చూడండి. మొదటి క్లూ నవ్వులో దాక్కుంది. నవ్వొచ్చిన చోట పాఠకుడు అనుమానం పక్కన పెడతాడు. రెండోది జాబితా మధ్యలో దాక్కుంది. ఏ జాబితాలోనైనా మొదటిదీ ఆఖరుదీ గుర్తుంటాయి, నడుమవి జారిపోతాయి. అందుకే చిరిగిన ఫోటో చివర పెట్టారు. అది దారి తప్పించడానికి వేసిన ఎర. మూడోది, క్లూ పెట్టిన వెంటనే ఫోన్ మోగించారు, మనకి వెనక్కి తిరిగి చూసే వ్యవధి ఇవ్వలేదు. రెండు క్లూల మధ్య 28 పేజీల దూరం. నాలుగు పేజీలే ఉంటే తెలివైన పాఠకుడు అక్కడే పట్టేస్తాడు. నూట యాభై ఉంటే చాయ్ సంగతే మర్చిపోయి, ఆఖర్లో "ఇదెక్కడిది?" అంటాడు.

ఈ కథలో లోపం కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో చాయ్‌లో పంచదార మానేశారా? లేదు కదా! కాబట్టి ఈ ఒక్క క్లూ మీద ముడి విప్పితే పాఠకుడు ఒప్పుకోడు. దానికి ఆసరాగా ఇంకో రెండు కావాలి, చెప్పుల సైజో, రిజిస్టర్‌లో సంతకమో. మీ నోట్‌బుక్కులో ఏ నిజానికైనా ఒకే ఒక్క క్లూ కనిపిస్తే అక్కడ మంచి ప్రశ్న ఉందని గుర్తు. 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన, మతగురువు, తనూ డిటెక్టివ్ కథలు రాసినవాడు, ఈ రకం కథలకి పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ చూపించి తీరాలన్నది అందులో ఒకటి. మిగతా వాటిలో కొన్ని ఈ రోజు ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. ఇది మాత్రం ఇప్పటికీ పాఠకుడికీ రచయితకీ మధ్య ఒప్పందం.

ఇప్పుడు అసలు చిక్కు. చాయ్ సంగతి రచయితని వేదిక మీద ఎలా అడుగుతారు? "12వ పేజీలో చాయ్ సీను గురించి చెప్పండి" అంటే, చదవనివాళ్ళు ఇంటికెళ్ళి నేరుగా ఆ పేజీ తీస్తారు. రచయిత చేసిందే మీరూ చెయ్యాలి. మీ ప్రశ్ననీ జాబితాలో దాచండి. "కౌంటర్ కుర్రాడి వెటకారం, ఎస్‌ఐ భార్యతో ఫోన్ గొడవ, ఆటో ఎక్కిన పెద్దావిడ... ఇంత సీరియస్ కథలో ఈ నవ్వులన్నీ మొదటి డ్రాఫ్టులోనే ఉన్నాయా, తర్వాత చేర్చారా?" చదవనివాళ్ళకి అది హాస్యం గురించిన ప్రశ్న. రచయితకి మాత్రం మీరు దేన్ని ముట్టుకున్నారో తెలుసు. అక్కణ్ణుంచి ఆయన మిమ్మల్ని నమ్ముతారు.

సభకి రెండు మూడు రోజుల ముందు రచయితకి ఫోన్ చెయ్యండి. పది నిమిషాలు చాలు. ప్రశ్నలు ముందే పంపొద్దు. పంపితే జవాబులు బట్టీపట్టినట్టు వస్తాయి. ఫోన్‌లో తేల్చుకోవాల్సింది గీత ఎక్కడ గీయాలన్నది. అంటే ఏ పేజీ దాకా స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు? వెనక అట్ట మీద ఎంత కథ ఉందో అంతవరకూ ఎలాగూ బయటిదే. చాలా పుస్తకాలకి మొదటి నాలుగో వంతు దాటకపోవడం క్షేమం. థ్రిల్లర్ అయితే లెక్క వేరు. దాంట్లో హంతకుడు పదో పేజీలోనే తెలిసిపోవచ్చు, దాచింది ఇంకేదో అయ్యుంటుంది. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్‌ని 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫో కూర్చోబెట్టి రోజుల తరబడి ప్రశ్నలడిగాడు. బల్ల కింద బాంబు సంగతి ఆ సంభాషణలోదే. బాంబు ఉన్నట్టు మనకి తెలియకుండా పేలితే కొన్ని సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే, బల్ల దగ్గర వాళ్ళు పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నంత సేపూ మనకి చెమటలు. కాబట్టి రచయితని సూటిగా అడగండి. "మీరు పాఠకుడి దగ్గర దాచింది పేరా, కారణమా, పద్ధతా, కాలమా?" ఆ ఒక్కటి ముట్టుకోకుండా ఉంటే మిగతావి ధైర్యంగా మాట్లాడొచ్చు.

"చివర్లో ట్విస్ట్ అదిరిపోతుంది, ఎవరూ ఊహించలేరు" అనడం కూడా కథ చెప్పెయ్యడమే. ఆ మాట విన్న పాఠకుడు మొదటి పేజీ నుంచీ అందరికంటే అమాయకంగా కనిపించే మనిషినే అనుమానిస్తూ చదువుతాడు.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ సంభాషణలు చూసి నేర్చుకున్నవాళ్ళకి తట్టని ప్రమాదం ఒకటి మన భాషలో ఉంది. మన క్రియ చివరే మనిషి ఎవరో చెప్పేస్తుంది. తలుపు తీశాడు, తలుపు తీసింది. హంతకుణ్ణి చీకట్లో ఉంచి ప్రథమ పురుషలో, అంటే అతను, ఆమె అంటూ, అధ్యాయం రాయాలంటే తెలుగు రచయిత మొదటి వాక్యంలోనే ఇరుక్కుంటారు. తప్పించుకునే దారులు లేకపోలేదు. ఒకటి, ఆకారం. "ఒక ఆకారం గోడ దూకింది," "నీడ కదిలింది," "గ్లౌజులు తొడుక్కున్న చేతులు సొరుగు తెరిచాయి." ఒకటి రెండు చోట్ల బాగుంటుంది. పదో సారి ఆకారం వచ్చేసరికి పాఠకుడికి నవ్వొస్తుంది. రెండోది, నేను. "తలుపు తీశాను" అన్నప్పుడు ఆడో మగో తెలియదు. హిందీలో అయితే "జా రహా హూఁ" అనగానే దొరికిపోతారు, మనకి ఆ బాధ లేదు. హంతకుడి అధ్యాయాలు ఉత్తమ పురుషలో కనిపిస్తే అది శైలి కోసం చేసిందని వెంటనే అనుకోకండి, వ్యాకరణం కోసం కావచ్చు. అడగండి. మూడోది గౌరవ వాచకం, "వచ్చారు, వెళ్ళారు." నాలుగోది మీరు రోజూ వాడేదే, "చంపింది ఎవరు?" అందులో ఎవరి జాడా లేదు.

ఇదే భాష వేదిక మీద మీ కాలికీ చుట్టుకుంటుంది. హంతకుడు అనాలా, హంతకురాలు అనాలా? "హత్య చేసిన వ్యక్తి," "ఆ వ్యక్తి" అంటూ మీరు తడుముకుంటుంటే జనానికి అర్థమైపోతుంది, ఆడమనిషేనని. దీనికి మందు ఒక్కటే. ఎవరు చంపినా సరే, "హంతకుడు" అన్నది జాతి పేరులా వాడదామని ముందే రచయితతో అనుకోండి. మొదటి నిమిషం నుంచి చివరిదాకా అదే మాట. మధ్యలో మార్చారో, గుట్టు రట్టే.

వరసలు కూడా మంచి గని. అత్తయ్య అంటే మేనత్త, మేనమామ భార్య, అత్తగారు, ఎవరైనా కావచ్చు. బావ అంటే అక్క మొగుడో, మేనమామ కొడుకో, మేనత్త కొడుకో. ఒక పాత్ర ఇంకో పాత్రని రెండొందల పేజీలు బావా అని పిలిస్తే, ఆ బావ ఏ వైపు బావో అన్నదాని మీద ఆస్తి తగాదా మొత్తం నిలబెట్టొచ్చు. మీరు నుంచి నువ్వుకి జారడం ఇంకో క్లూ. నలుగురిలో "మీరు" అనుకునే ఇద్దరు ఒక్కచోట పొరపాటున "నువ్వు" అంటే, వాళ్ళ పరిచయం పాతదని తెలుస్తుంది. యాస సంగతి సరేసరి. కరీంనగర్ వాణ్ణని చెప్పుకునే మనిషి తొందరలో తాళాన్ని "బీగం" అన్నాడంటే సీమ గాలి తగిలినట్టే. ఇవేవీ అనువాదంలో నిలవవు. తెలుగులో పుట్టిన మిస్టరీని తెలుగులో చర్చించుకోవడంలో ఉన్న లాభం ఇదే, దీన్ని వాడుకోకుండా "మీ అభిమాన విదేశీ రచయిత ఎవరు" అని అడగటం నాకు దండగనిపిస్తుంది.

తర్వాత, నిజాల తనిఖీ. ఇది రచయితని పట్టుకోవడానికి కాదు, ప్రశ్నలు దొరకడానికి. ముందు కథ ఏ ఏడాదిలో జరుగుతుందో చూడండి. 1 జూలై 2024 నుంచి దేశంలో కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. హత్యకి ఐపీసీ 302 పోయి భారతీయ న్యాయ సంహిత 103 వచ్చింది. మోసానికి మనం తిట్టుగా కూడా వాడుకునే ఫోర్ ట్వంటీ ఇప్పుడు 318లోకి వెళ్ళింది. కొత్త మాట జనం నోటికి ఎక్కడానికి ఇంకో తరం పడుతుందేమో! దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టంలో ఎఫ్‌ఐఆర్ పాత సీఆర్‌పీసీ 154 నుంచి కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 173కి, శవ పంచనామా 174 నుంచి 194కి మారాయి. నేరం జరిగింది ఆ తేదీకి ముందైతే సెక్షన్ మాత్రం పాత 302నే. 2025లో జరిగే కథలో ఎస్‌ఐ 302 అని రాసుకుంటే అది పొరపాటు. కానిస్టేబుల్ అలవాటుగా 302 అంటే, అది పొరపాటు కాదు, పాత్రచిత్రణ. రచయిత ఏది చేశారో అడిగి చూడండి, మంచి జవాబు వస్తుంది.

మన థ్రిల్లర్లలో తరచుగా కనిపించే లోపం ఇంకొకటి. సీఐ గద్దిస్తాడు, ముద్దాయి స్టేషన్‌లోనే మొత్తం ఒప్పుకుంటాడు, శుభం. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా పనికిరాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, కొత్త దాంట్లో 23. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. మెజిస్ట్రేట్ ముందు ఇచ్చే వాంగ్మూలం వేరు. అరెస్టు చేశాక 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మెజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. ఈ గడియారం థ్రిల్లర్ రచయితకి దొరికిన వరం, చాలామంది వాడుకోరు. "మీ సీఐకి రుజువు దొరికింది కత్తి వల్లా, ఒప్పుకోలు వల్లా?" అని అడగొచ్చు, గీత దాటకుండా.

శవం సంగతి. ఒళ్ళు చల్లబడిన లెక్కని బట్టి చనిపోయిన సమయం చెప్పడం చలిదేశాల పుస్తకాల నుంచి వచ్చింది. మే నెల హైదరాబాద్‌లో, రేకుల కప్పు గదిలో, మధ్యాహ్నం గది వేడే శరీరం వేడిని దాటిపోతుంది. అక్కడ శవం చల్లబడే ప్రశ్నే లేదు. శవం కట్టెలా బిగుసుకోవడం కూడా మన ఎండాకాలంలో త్వరగా మొదలై త్వరగా వదిలేస్తుంది. అదే గదిలో ఏసీ ఉంటే లెక్కంతా తారుమారు. విషం కేసుల్లో పోస్ట్‌మార్టం బల్ల దగ్గరే డాక్టర్ "ఫలానా విషం" అని తేల్చేయడం ఇంకో సినిమా అలవాటు. విసెరా, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల భాగాలు తీసి, మామూలుగా ఉప్పు ద్రావణంలో భద్రపరిచి, ల్యాబ్‌కి పంపాలి. మన రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ రెడ్‌హిల్స్‌లో ఉంది. రిపోర్టు వచ్చేదాకా పోలీసులూ ఎదురు చూడాల్సిందే. ఆ ఎదురుచూపుని రచయిత ఎలా నింపారన్నది నిజంగా అడగదగ్గ విషయం. సెల్ టవర్ లొకేషన్ కూడా అంతే. ఏ ప్రాంతంలో ఉన్నారో చెబుతుంది, లాడ్జిలో ఏ గదిలో ఉన్నారో చెప్పదు.

మన లాడ్జి కథనే చూడండి. ఈ రోజుల్లో గది ఇచ్చే ముందు గుర్తింపు కార్డు అడుగుతారు, కౌంటర్ మీద కెమెరా ఉంటుంది. ఒకరి పేరున ఇంకొకరు దిగడం అంత తేలిక కాదు. రచయిత దానికి జవాబు కథలోనే చెప్పి ఉండాలి, లేదా కథని 1985లో పెట్టుకోవాలి. ఇప్పుడొస్తున్న మిస్టరీల్లో కొన్ని సెల్‌ఫోన్ లేని కాలానికి ఎందుకు పారిపోతున్నాయో రచయితనే అడగండి. తప్పు దొరికితే మాత్రం వేదిక మీద బయటపెట్టొద్దు. ఫోన్‌లోనో, చాయ్ దగ్గరో చెప్పండి, రెండో ముద్రణలో దిద్దుకుంటారు.

గంటని పంచుకోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. పరిచయానికి మూడు నిమిషాలు, చదవడానికి నాలుగు, సంభాషణకి ముప్పై, సభికుల ప్రశ్నలకి పన్నెండు, ఆఖరి పది చదివినవాళ్ళకి మాత్రమే. పెద్దగా చదివితే ఒక పేజీకి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి రెండు పేజీలకి మించి ఎంచుకోవద్దు. హత్య జరిగే సీను వద్దు. ఇద్దరు మాట్లాడుకునే సీను వినడానికి బాగుంటుంది. మూడుకి మించి పేర్లు వస్తే వినేవాడికి తికమక, వాడికి పేజీ వెనక్కి తిప్పే వీలు లేదు కదా. మైకులు కాలర్‌వి ఉంటే మంచిది. చేతిలో మైకు ఉంటే రచయిత ఆలోచించేటప్పుడు చెయ్యి ఒళ్ళోకి దిగిపోతుంది, అసలైన మాట అప్పుడే వస్తుంది, రికార్డు కాదు. లామకాన్ లాంటి ఆరుబయట చోటైతే మైకుకి గాలి తగలకుండా నురగ తొడుగు వెయ్యండి. అడిగాక ఆగండి. రచయిత ఆలోచిస్తున్నప్పుడు మూడు నాలుగు సెకన్ల నిశ్శబ్దం మీకు బరువుగా ఉంటుంది, వినేవాళ్ళకి కాదు. దాన్ని నింపడానికి మీరు ఇంకో ప్రశ్న వేస్తే మొదటి జవాబు పోయినట్టే.

ఇప్పుడు చీటీలు. సభికులకి మైకు ఇస్తే పుస్తకం చదివేసిన ఉత్సాహవంతుడు ఒకడు లేచి, "మేడం, డాక్టరే చంపాడని నాకు సగంలోనే తెలిసిపోయింది" అంటాడు. తప్పకుండా అంటాడు. చీటీ అయితే మీరు చదివి పక్కన పెట్టొచ్చు. మైకు ఇవ్వక తప్పని సభ అయితే, ఆ మాట పడిన క్షణంలో ఏం చెయ్యాలో ముందే అనుకోండి. "అయ్యో, చెప్పేశారే!" అన్నారంటే మీరు సంతకం పెట్టినట్టే. "దయచేసి కథ చెప్పకండి" అన్నా అంతే. "సరే, డాక్టర్‌కి ఒక ఓటు. ఇంకెవరి మీద అనుమానం?" అనండి. ఇంకో ఇద్దరు ఇంకో రెండు పేర్లు చెబుతారు, డాక్టర్ ఆ గుంపులో కలిసిపోతాడు. రచయితకి కూడా ముందే చెప్పి ఉంచండి, ఆ సమయంలో నవ్వొద్దు, తల దించొద్దు, నీళ్ళ గ్లాసు అందుకోవద్దు అని. జనం చూసేది ఆయన మొహాన్నే.

ఆఖరి పది నిమిషాల ముందు స్పష్టంగా ప్రకటించండి. "ఇక్కణ్ణుంచి చివరిదాకా మాట్లాడతాం, చదవనివాళ్ళు బయట చాయ్ తాగొచ్చు, పుస్తకాలు అక్కడే ఉన్నాయి." లేచి వెళ్ళడానికి రెండు నిమిషాలు నిజంగా ఆగండి. మన చాయ్, మాత్రల స్ట్రిప్ ప్రశ్న సూటిగా అడగాల్సింది అప్పుడే. ఇంకా ఎన్ని క్లూలు రాసి కొట్టేశారు, మొదటి డ్రాఫ్టులో హంతకుడు ఇతనేనా, ఎవరు చదివి ముందే పట్టేశారు, పట్టేశాక ఏ పేజీ మార్చారు, ఇవన్నీ. మొత్తం సాయంత్రంలో రచయితకి అందరికంటే ఇష్టమైన భాగం ఇదే అవుతుంది, ఎందుకంటే ఇంత కష్టపడి దాచినదాన్ని చూపించుకునే అవకాశం వాళ్ళకి ఎక్కడా రాదు.

ఈ పది నిమిషాల రికార్డింగ్‌ని వేరే ఫైలుగా కట్ చెయ్యండి. వీడియో పైన పెట్టే బొమ్మ మీద, కింద రాసే టైమ్‌స్టాంపుల్లో పాత్రల పేర్లు వద్దు. "3వ నిమిషం: డాక్టర్ ఎందుకు అలా చేశాడు" అని రాసి పెడితే ఇప్పటిదాకా పడ్డ జాగ్రత్తంతా ఒక్క లైనుతో పోతుంది.

చీటీలు ఇటు పంపండి. మడిచి ఇవ్వండి, ముందు నేనొక్కణ్ణే చదువుతాను.